సి దగ్గర జారే తీగ, కాంటాక్టులు అడిగే ట్యూనర్

ప్రశ్న: ఎలక్ట్రిక్ గిటార్‌ను డ్రాప్ సికి, అంటే అన్నిటికన్నా లావైన ఆరో తీగ సి (C) స్వరం పలికేలా, దించాను. ఉన్నది 10-46 సెట్టే (సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). ఆరో తీగ వదులైపోయి ఫ్రెట్లకు తగిలి గరగరమంటోంది. ట్యూనర్ యాప్ ఒక్కోసారి సికి బదులు జి (G) చూపిస్తోంది. ఏ తీగలు వేయాలి? ఏ యాప్ మంచిది?

జవాబు: ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. ముందు తీగ సంగతి చూద్దాం. 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) గిటార్‌పై 46 తీగకు మామూలు శ్రుతి అయిన E స్వరం దగ్గర (82.4 హెర్ట్జ్) దాదాపు 17.5 పౌండ్ల బిగువు ఉంటుంది. సికి (65.4) దించగానే అది 11 పౌండ్లకు పడిపోతుంది. అలాంటి తీగ గరగరమనక ఏం చేస్తుంది?

పాత బిగువు రావాలంటే దించిన ఒక్కో సెమీటోన్‌కు (ఒక ఫ్రెట్ తేడాకు) మందం సుమారు 6 శాతం పెంచాలి. డ్రాప్ సిలో ఆరో తీగ నాలుగు సెమీటోన్లు దిగుతుంది కాబట్టి దానికి 58 కావాలి. మిగతావి రెండేసే దిగుతాయి: 11, 14, 19, 28, 40 దగ్గర ఉంటే చాలు. 11-56 సెట్ ఇందుకు దగ్గరగా సరిపోతుంది. 24.75 అంగుళాల స్కేల్ అయితే, లేదా పిక్ గట్టిగా కొట్టే అలవాటుంటే 12-60 తీసుకోండి.

తీగ మార్చగానే పని అయిపోదు. 46కు కోసిన నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో 58 ఇరుక్కుంటుంది. కీ తిప్పుతుంటే టిక్కుమని శ్రుతి ఒక్కసారిగా గెంతితే కారణం అదే. గాడిని నట్ ఫైల్‌తోనే వెడల్పు చేయించండి, లోతు పెంచనివ్వకండి. ఆ తర్వాత 12వ ఫ్రెట్‌ను నొక్కినప్పుడు శ్రుతి పైకి పోతుంటే సాడిల్‌ను (బ్రిడ్జ్‌పై తీగ ఆనే ముక్కను) వెనక్కి జరపండి.

ఇక జి సంగతి. ఫోన్ మైకులు చాలావాటికి 65 హెర్ట్జ్ సరిగా అందదు. దాని మూడో హార్మోనిక్ (అదే తీగలో మూడు రెట్ల హెర్ట్జ్ దగ్గర కలిసి మోగే స్వరం) బాగా వినిపిస్తుంది, అది జి. యాప్ దాన్నే పట్టుకుంటోంది. 12వ ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తేలిగ్గా తాకి హార్మోనిక్ మీటి చూడండి, లేదా క్లిప్ ట్యూనర్ కొనుక్కోండి. అది గిటార్ తల దగ్గర కంపనాన్నే నేరుగా పట్టుకుంటుంది.

యాప్ పేరు చెప్పను. అది అడిగే అనుమతులు చూడమని మాత్రం గట్టిగా చెబుతాను. శ్రుతి చూడ్డానికి మైక్ ఒక్కటి చాలు, అదీ ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’. కాంటాక్టులు, లొకేషన్, ఎస్సెమ్మెస్ దేనికి? యాక్సెసిబిలిటీ అడిగితే ఆ క్షణమే తీసేయండి. ఆ అనుమతి దొరికిన యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఎస్సెమ్మెస్ కూడా ఇచ్చారంటే ఓటీపీలు దాని చేతిలో పెట్టినట్టే. ‘ప్రీమియం ఉచితం’ అంటూ గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్లలో (ప్లే స్టోర్ బయట నుంచి వేసుకునే యాప్ ఫైళ్లలో) నాకు అసలు భయం ఇదే. అయినా, తీగ బిగించుకోవడానికి లాగిన్ అడిగే డిజైన్‌ను ఎవరు ఆమోదిస్తున్నారో అర్థం కాదు. వినియోగదారుడి సమాచారం పోగేయడమే పనిగా పెట్టుకున్న అలవాటు ఇది. టార్చ్ యాప్‌లతో మొదలై ఇక్కడిదాకా వచ్చింది.

ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో మైక్ నడుస్తుంటే తెర పైమూల పచ్చ గుర్తు కనిపిస్తుంది. ట్యూనర్ మూసేశాకా అది వెలిగితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిచి, మైక్ ఎవరు వాడారో చూడండి. ఉచిత ట్రయల్ కోసం యూపీఐ ఆటోపే ఇచ్చి ఉంటే యాప్ తీసేసినంత మాత్రాన కోత ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్‌ను, యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్‌ను విడివిడిగా రద్దు చేయండి. మోసంలో డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.