పంపు స్క్రూ జోలికి పోబాక అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం మానేసి 2009 మోడల్ టాటా 1613 లారీ కొన్నావంట. చీమకుర్తిలో గ్రానైటు పలకలు ఎక్కించి నంద్యాలలో దించి, తిరుగులో బేతంచెర్ల నాపరాళ్లు తెస్తావంట. బండి లాగట్లేదని, లీటరుకు మూడు కిలోమీటర్లు గూడా రావట్లేదని, మెకానిక్కు డీజిలు పంపు విప్పుతానంటున్నాడని చెప్పింది. అక్కయ్య గొంతులో ఏడుపు ఉంది. నాకు మాత్రం ఒక పక్క భయం, ఒక పక్క గర్వం. ఒక్క మాట అడగకుండా కొన్నందుకు కోపం గూడా ఉంది, అది ఎదురుపడినప్పుడు చూసుకుందాం. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నా. ఇది మొత్తం చదివేదాకా పంపు మీద ఎవర్నీ చెయ్యి వేయనీబాక.

ముందు మైలేజీ. మూడు రావట్లేదని ఎట్టా లెక్క కట్టావు? ఇన్ని రూపాయలకు పోయిస్తే ఇంత దూరం వచ్చింది అనేది లెక్క కాదు. బండిని చదును మీద నిలబెట్టి ట్యాంకు మెడ దాకా నింపు. తిరిగొచ్చాక అదే బంకులో, అదే మెడ దాకా నింపు. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించు. 300 కిలోమీటర్లకు 92 లీటర్లు పడితే 3.26. మూడు ట్రిప్పులు ఇట్టా రాసి, పక్కనే లోడు ఎంతో గూడా వేసుకో. మీటరును గూడా నమ్మబాక. హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటా 20 కిలోమీటర్లు పో, మీటరు ఎంత తిరిగిందో చూడు. పాత ఓనరు చిన్న సైజు టైర్లు వేసి ఉంటే మీటరు ఎక్కువ చూపిస్తది, పెద్దవి వేస్తే తక్కువ. ఇక ట్యాంకుకు తాళం లేకపోతే ఇవాళే వేయించు. ఆ సంగతి ఇంతకంటే రాయను.

తర్వాత పొగ. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు అద్దంలో వెనక్కి చూడు. లాగక నల్లపొగ కొడుతుంటే గాలి చాలట్లేదు, లేదంటే డీజిలు ఎక్కువైంది. లాగక పొగే రాకపోతే డీజిలు అందట్లేదు. ఇంజిను వేడెక్కాక గూడా తెల్లపొగ వస్తుంటే సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లో, పంపు టైమింగో చూడాలి. నీలం పొగ అయితే ఆయిలు కాలుతోంది. ఇంజిను మోత పెరుగుతా ఉండి బండి వేగం పెరగకపోతే అది ఇంజిను జబ్బే కాదు, క్లచ్ ప్లేటు జారతా ఉంది. మెకానిక్కును పిలిచే ముందు ఏ పొగో నీకు తెలిసి ఉండాలి. లేకపోతే ఆయన చెప్పిందే జబ్బు అవుద్ది. ఇంకోటి, మన రోహిణి కార్తె మధ్యాహ్నం గాలి పలచబడి ఏ బండైనా కొంచెం నీరసంగానే లాగుద్ది. పరీక్షలన్నీ తెల్లారుజామున పెట్టుకో.

పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది, ఎవరూ చేయరు. ఇంజిను ఆపి నువ్వు యాక్సిలేటరు అడుగు దాకా తొక్కు. క్లీనరును పంపు దగ్గర నిలబెట్టి, లివరు చివరి స్టాపరుకు తగిలిందా చూడమను. లింకు బుష్షులు అరిగినా, పెడలు కింద మ్యాటు అడ్డం పడినా లివరు సగంలోనే ఆగుద్ది. నువ్వెంత తొక్కినా బండికి అంతే బలం. ఇంజిను ఆపే కేబులు గూడా పూర్తిగా వెనక్కి వచ్చిందా చూడు.

నల్లపొగ అయితే గాలి దారి పట్టు. చీమకుర్తి దుమ్ము మామూలు మట్టి కాదు, పిండి మాదిరి రాతిపొడి. గాలి ఫిల్టరు మడతల్లోకి పోయి కూర్చుంటే పైకి శుభ్రంగానే కనపడుద్ది. దాన్ని టైరుకేసి కొట్టి దులపబాక. మడత చీలితే ఆ పొడి నేరుగా ఇంజినులోకి గాలి తోసే టర్బో రెక్కల మీదికి, అక్కణ్ణించి సిలిండరు లైనర్లలోకి. గాలి పట్టేటట్టయితే లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషరుతో. చీకట్లో ఫిల్టరు లోపల బల్బు పెట్టి తిప్పి చూడు, సూది మొనంత వెలుగు చుక్క కనపడినా పారెయ్. లోపలి చిన్న ఫిల్టరు ఊదేది కాదు, మార్చేదే. ఇక టర్బో నుంచి ఇంటర్ కూలరుకు, అక్కణ్ణించి సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డుకు పోయే హోసులు. నిలబెట్టి రేసు చేస్తే లీకు తెలియదు, లోడు పడందే టర్బో ప్రెషరు ఎక్కదు గదా. హోసు అంచుల్లో నల్లగా నూనె తడి, దానికి దుమ్ము అంటుకుని ఉంటే లీకు అక్కడే. ఇంజిను చల్లారాక టర్బో షాఫ్టు పట్టుకుని చూడు. పక్కకు రవ్వంత ఆడటం సహజం. ముందుకూ వెనక్కూ ఆడితే, రెక్క గోడకు రాసుకున్న గీత ఉంటే మార్చాల్సిందే.

అక్కడే ఎగ్జాస్టు బ్రేకు రేకు ఒకటుంది, దిగుడులో పొగ దారి మూసి బండిని నెమ్మది చేసేది. మసి పట్టి సగం మూసుకుని ఇరుక్కుంటే పొగ బయటికి పోలేక ఇంజిను ఉక్కిరిబిక్కిరి అవుద్ది. నల్లపొగ, వేడి, బలం లేకపోవడం, మూడూ దీనివల్లే రావచ్చు. విప్పి మసి గీకి, లివరు చేత్తో పూర్తిగా తిరిగేదాకా కడుగు. దీని గురించి కింద మళ్లీ రాస్తా.

పొగ లేకుండా నీరసం అయితే డీజిలు దారి. 30, 40 కిలోమీటర్లు బాగా పోయి, మెల్లగా సన్నగిల్లి, పది నిమిషాలు ఆపితే మళ్లీ లేస్తోందా? అయితే ఆగిన వెంటనే ట్యాంకు మూత మెల్లగా తిప్పు. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే జబ్బు దొరికినట్టే. మూతలో గాలి ఆడే సన్న బెజ్జం ఉంటది. రాతిపొడి, డీజిలు కలిసి సిమెంటు మాదిరి దాన్ని పూడ్చేస్తాయి. ట్యాంకులో డీజిలు తగ్గేకొద్దీ గాలి చొరబడదు, ట్యాంకు నుంచి డీజిలు తెచ్చే ఫీడ్ పంపు ఎంత గుంజినా రాదు. సన్నతీగతో పొడిచి కడిగి పెట్టు. ఈ బెజ్జం తెలియక ఇంజిను దించినవాళ్లున్నారు.

అది కాకపోతే ట్యాంకు లోపలి జాలీ, ఫీడ్ పంపు దగ్గరి చిన్న జాలీ, రెండు ఫిల్టర్లు. లైన్లో గాలి చొరబడుతోందని అనుమానం ఉంటే ఫీడ్ పంపుకు ముందు మూరెడు తెల్ల ప్లాస్టిక్కు పైపు వేసి నడిపి చూడు. బుడగలు కనపడితే డీజిలు పైపులను బిగించే బ్యాంజో బోల్టుల రాగి వాషర్లు మార్చు. పంపు మీద ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు మెత్తబడినా లోడులో డీజిలు చాలదు, ఆ వాల్వు మార్చడానికి పెద్ద ఖర్చేం కాదు. మానిఫోల్డు నుంచి పంపు నెత్తి మీది డబ్బాకు సన్న పైపు పోతది. ఆ పైపు పగిలినా, లోపలి డయాఫ్రం చిరిగినా టర్బో గాలి వచ్చినట్టు పంపుకు తెలియదు, అందుకు తగ్గ డీజిలు ఇవ్వదు.

ఇప్పుడు మీ మెకానిక్కు చేస్తానంటున్న పని. పంపు వెనక, ఇంజిను వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు వైపు సీలు వేసిన స్క్రూ ఒకటుంటది. పంపును బెంచీ మీద తిప్పి, ఒక్కో సిలిండరుకు ఎంత డీజిలు పోవాలో గాజు గొట్టాల్లో కొలిచి, బిగించి సీలు వేసింది అది. సీలు తెంచి పావు తిప్పు తిప్పితే ఆ రోజు బండి కొత్త కోడెదూడ మాదిరి దూకుద్ది. మెకానిక్కు గొప్పోడు, ఓనరు సంతోషం. ఈ తప్పు నా చేత్తో గూడా జరిగింది గనకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. ఎక్కువ పోసిన డీజిలు కాలాలంటే దానికి తగ్గ గాలి ఉండాల. గాలి దారి పూడుకుపోయిన బండికి డీజిలు పెంచడమంటే, ఊపిరాడని వాడి నోట్లో అన్నం కుక్కడమే. కాలనిదంతా నల్లపొగై పోతది, అది నీ డబ్బు. కొంత ఆలస్యంగా, ఎగ్జాస్టు వాల్వు తెరిచాక గూడా మండతానే ఉంటది. ఆ వేడికి ముందు వాల్వు సీట్లు, తర్వాత టర్బో, ఆ తర్వాత హెడ్డు పగుళ్లు, చివరికి పిస్టన్ నెత్తి కరగడం. ఇంకొంత లైనరు గోడ మీది ఆయిలు పొరను కడుక్కుంటా కిందికి దిగుద్ది. గేజి పుల్ల తీస్తే ఆయిలు మట్టం పెరిగి ఉంటది. ఆయిలు తినట్లేదని సంబరపడబాక, వాసన చూడు, వేళ్ల మధ్య రుద్దు. నీళ్లలా జారి డీజిలు కంపు కొడితే బేరింగుల మీద దెబ్బ పడుతున్నట్టే.

వీటన్నిటికంటే పెద్ద నష్టం, అసలు జబ్బు దాగిపోవడం. మూత బెజ్జమో, హోసు చీలికో, బ్రేకు పట్టడమో అట్టానే ఉంటది. బండి లాగుతోంది గదా అని ఎవడూ వెతకడు. తిప్పిన స్క్రూను కంటి అంచనాతో వెనక్కి తిప్పినా పాత చోటికి రాదు, బెంచీ మీదే కుదరాల.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. ముందు సీలు ఉందో లేదో టార్చి వేసి చూడు. సీలు లేకపోయినా, దాని బదులు తీగో రంగు చుక్కో ఉన్నా పాత ఓనరు కాలంలోనే ఎవడో తిప్పాడని అర్థం. అప్పుడు మాత్రమే పంపు దించు. ఆటోనగర్లో బెంచీ ఉన్న షాపుకే ఇవ్వు. పంపు మీది నంబరు పలక చూసి, ఆ నంబరుకున్న కొలతలకే క్యాలిబ్రేషన్ చేయమను. విప్పకముందు రీడింగు, అయ్యాక రీడింగు, ఆరు సిలిండర్లవీ కాగితం మీద రాసిమ్మను. ఇవ్వను అన్నవాడి దగ్గర పంపు పెట్టబాక. బిగించేటప్పుడు టైమింగు గుర్తు కలిసిందో లేదో పక్కన నిలబడి చూడు.

నా భయం ఇంజిను కాదురా, ఘాటు రోడ్డు. మైలేజీ రావట్లేదంటే కొందరు బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు వదులు చేస్తారు, చక్రం స్వేచ్ఛగా తిరగాలని. ఎగ్జాస్టు బ్రేకు ఇరుక్కుంటే కడగకుండా తీగతో తెరిచి కట్టేస్తారు. చదును మీద ఏమీ తెలియదు. నువ్వు పోయేది నల్లమల. నాపరాళ్ల లోడుతో దిగువమెట్ట వైపు దిగుతా ఉంటే కాలి బ్రేకు ఒక్కదాని మీదే బండిని ఆపుకోవాల. డ్రమ్ములు వేడెక్కి లైనింగు పట్టు వదిలేశాక పెడలు ఎంత తొక్కినా ఒకటే. ఎక్కిన గేరులోనే దిగు, ఎగ్జాస్టు బ్రేకు వాడుకో, న్యూట్రల్ చేసి డీజిలు మిగిల్చానని గొప్పలు చెప్పబాక. నువ్వు చెప్పకపోయినా నాకు తెలుస్తది.

బ్రేకు పట్టి మైలేజీ పోవడం నిజమే. దానికి మందు వదులు చేయడం కాదు, వెతకడం. 25 కిలోమీటర్లు నడిపి, గట్టిగా బ్రేకు వేయకుండా మెల్లగా ఆపు. ఒక్కో చక్రం నడిమి హబ్బు దగ్గరికి అరచెయ్యి వెనక పక్క తీసుకుపో, తాకించబాక. ఒకటి మిగతావాటికంటే సెగలు కక్కుతుంటే ఆ చక్రం జాకీ ఎత్తి తిప్పి చూడు. బ్రేకు లైనింగును తోసే ఎస్ క్యాము బుష్షు బిగుసుకుందా, రిటర్ను స్ప్రింగు తెగిందా, బేరింగు ఎక్కువ బిగించారా తేలిపోతది. హ్యాండ్ బ్రేకు స్ప్రింగుతో పట్టి గాలితో వదులుద్ది. బ్రేకు గాలి పూర్తిగా ఎక్కకుండా బండి కదిలిస్తే వెనక చక్రాలు ఈడ్చుకుంటా వస్తాయి.

మిగతావి చిన్నవి. టాపెట్ల సందు, అంటే వాల్వుల దగ్గర వదలాల్సిన ఖాళీ, ఇంజిను పూర్తిగా చల్లారాకే సరిచూడాల. నీది కమ్మిన్స్ ఇంజినంట, పాత 12 వాల్వులది అయితే ఇన్‌టేకు 0.25, ఎగ్జాస్టు 0.51 మిల్లీమీటర్లు. ఇంజిను మీది ప్లేటుతో సరిచూసుకో. థర్మోస్టాటు పీకేసి ఉంటే మళ్లీ వేయించు. ఎండ ఊరని పీకేస్తారు గానీ, ఇంజిను చల్లగా నడిస్తే డీజిలూ ఎక్కువే, లైనర్ల అరుగుదలా ఎక్కువే. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూడు. నాజిళ్ల పరీక్షకు ఇంజిను స్లోలో పెట్టి, గుడ్డ చుట్టి, పైపు నట్టు ఒక్కొక్కటే అరతిప్పు వదులు చెయ్. శబ్దం పడిపోతే ఆ సిలిండరు మంచిది. తేడా రాకపోతే జబ్బు అందులోనే, ఆ నాజిలు బెంచీకి పంపు. ఆ చిమ్మేదానికి వేలు అడ్డం పెట్టబాక. చర్మంలోకి దూరుద్ది, పైకి చీమ కుట్టినట్టే ఉంటది గానీ వెంటనే ఆసుపత్రికి పోకపోతే వేలు పోతది.

ఆ నట్టుకు 19 పానా సరిపోతది. చిన్నప్పుడు మా ఇంటికొస్తే నా పానాపెట్టె ముందు కూర్చుని సైజువారీగా పేర్చేవాడివి, 19 ఎప్పుడూ 17 పక్కనే పెట్టేవాడివి, మధ్యలో 18 లేదేందని అడిగేవాడివి. ఆ పెట్టె అట్టానే ఉంది. వచ్చి తీసుకుపో.

ముందు ట్యాంకు మూత, లివరు, హబ్బులు చూసి ఆదివారం ఫోన్ చెయ్. పొగ రంగు గూడా చెప్పు.

ఇట్లు,
మీ మామ

మరిచిపోయా. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరబాక. పక్కన దుంగ పెట్టి, మిగతా చక్రాలకు రెండు వైపులా రాళ్లు వేశాకే. అక్కయ్యకు ఈ వాక్యం చదివి వినిపించబాక.