టెక్ సందేహాలు: రేపటికి యాప్, ఇప్పటికి రాడార్

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా వాన గురించే. మ్యాచ్ పాడైనవాళ్ళు, సైకిల్ మీద తడిసినవాళ్ళు, కొండెక్కి ఏమీ కనిపించక దిగొచ్చినవాళ్ళు. అందరి కోపం ఫోన్‌లోని వెదర్ యాప్ మీదే. అందులో కొంత న్యాయమైనదే. మిగతాది మాత్రం దాన్ని అడగకూడనిది అడగడం వల్ల వచ్చింది.

మేం ప్రతి ఆదివారం మోయినాబాద్ దగ్గర గ్రౌండ్ బుక్ చేసుకుని క్రికెట్ ఆడతాం. పోయిన వారం ఫోన్‌లో వాన 60% అని చూపిస్తే మానుకున్నాం. అడ్వాన్స్ పోయింది, చుక్క పడలేదు. అంతకుముందు వారం 20% అంది, ఆరో ఓవర్‌లోనే తడిసి ముద్దయ్యాం. కచ్చితంగా చెప్పే యాప్ ఏదైనా ఉందా సర్? డబ్బు కట్టేదైనా ఫర్వాలేదు.

డబ్బు దాచుకోండి, గ్రౌండ్ అడ్వాన్స్‌కి పనికొస్తుంది. డబ్బు కడితే చాలా యాప్‌లలో ప్రకటనలు పోతాయి, వాన పోదు.

ముందు ఆ శాతం సంగతి. 60% అంటే రోజులో 60 శాతం సేపు కురుస్తుందని కాదు, ఊళ్ళో 60 శాతం తడుస్తుందనీ కాదు. ఇలాంటి వాతావరణం పది సార్లు వస్తే ఆ చోట ఆరు సార్లు కొలవదగ్గ వాన పడుతుందని. మిగతా నాలుగు సార్లు పడదు. పోయిన ఆదివారం మీకు ఆ నాలుగులో ఒకటి తగిలింది, అంతకుముందు వారం 20% లెక్కలో పదిలో వాన పడే ఆ రెండు సార్లలో ఒకటి తగిలింది. పైగా ‘కొలవదగ్గ వాన’ అంటే అమెరికా లెక్కలో పావు మిల్లీమీటరు. దానికి పిచ్ మీద దుమ్ము కూడా అణగదు. అందుకే శాతం ఒక్కటే చూడకండి, దాని పక్కన ఎన్ని మిల్లీమీటర్లో, ఏ గంటలోనో కూడా చూడండి. మధ్యాహ్నం మూడింటికి 60% అని ఉంటే, పొద్దున ఆరింటికి మొదలయ్యే మ్యాచ్ మానుకోవడం ఎందుకు?

ఇక అసలు సంగతి. యాప్ కంపెనీలు చాలావరకు సొంతంగా వాతావరణాన్ని కొలవవు. పెద్ద వాతావరణ సంస్థల కంప్యూటర్ మోడళ్ళ నుంచి లెక్కలు తీసుకుని, తమ మసాలా కలిపి, పైన ఒక మబ్బు బొమ్మ పెడతాయి. ఆ మోడళ్ళు భూమిని గళ్ళుగా కోస్తాయి. అమెరికా వారి జీఎఫ్ఎస్‌లో గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ వారి ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్‌లో 9, మన వాతావరణ శాఖ 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6. ఒక గడికి ఒకటే జవాబు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లోనూ మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్‌లలోనూ సాయంత్రాలు విరుచుకుపడే క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం చాలాసార్లు కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. పుబ్బలో పుట్టి మఖలో మాడినట్టు గంటలోపే దాని బతుకు అయిపోతుంది. కూకట్‌పల్లిలో కుండపోత, ఉప్పల్‌లో ఎండ అందుకే. ‘ఇవాళ మధ్యాహ్నం ఈ చుట్టుపక్కల ఎక్కడో దంచుతుంది’ అని మోడల్ చెప్పగలదు. మీ గ్రౌండ్ మీదా, పక్క గ్రౌండ్ మీదా అన్నది దానికి తెలియదు.

రెండు యాప్‌లు ఒకే మాట చెప్పాయని నమ్మడం కూడా తొందరపాటే, రెండూ ఒకే మోడల్‌ని అరువు తెచ్చుకుని ఉండొచ్చు. విండీ యాప్ తెరిచి మీ గ్రౌండ్ మీద నొక్కితే వేర్వేరు మోడళ్ళను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, ఉచితమే. అన్నీ వాన అంటే గొడుగు తీసుకెళ్ళండి. తలా ఒక మాట అంటుంటే వాతావరణమే ఇంకా తేల్చుకోలేదన్నమాట.

నేనైతే ఇలా చేస్తాను. శనివారం రాత్రి మోడళ్ళు చూస్తాను, కానీ నిర్ణయం తీసుకోను. పొద్దున వాతావరణ శాఖ ‘మౌసమ్’ యాప్‌లో నౌకాస్ట్ చూస్తాను. అది రాబోయే మూడు గంటల మాట, రంగుల్లో ఉంటుంది. బయల్దేరే ముందు రాడార్ బొమ్మ, అంటే వాన ఇప్పుడు ఎక్కడ పడుతోందో చూపే చిత్రం. అక్కడి నుంచి యాప్ మబ్బు బొమ్మ వైపు చూడను.

ఆ రాడార్ బొమ్మ తెరిస్తే పాత టైమ్ చూపిస్తోంది. మధ్యాహ్నం మూడైతే అందులో 09:30 అని ఉంది. సైట్ పనిచేయడం లేదా?

పనిచేస్తోంది. అది యూటీసీ టైమ్, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక టైమ్. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్. 09:30 అంటే మధ్యాహ్నం మూడే. మీరు చూసింది తాజా బొమ్మే.

నాకు దీనికి ఉల్టా జరిగింది. ఒకసారి అనంతగిరి కొండలకి సైకిల్ మీద వెళ్తూ, పొద్దున పదీ నలభైకి దారిలో ఆగి ఫోన్‌లో రాడార్ తెరిచాను. 10:30 అని ఉంది, చుట్టూ ఖాళీ. భేష్ అనుకుని తొక్కాను. అది బ్రౌజర్ దాచిపెట్టిన ముందురోజు సాయంత్రం నాలుగింటి బొమ్మ. తేదీ చూడలేదు. వికారాబాద్ చేరేలోగా బూట్లలో నీళ్ళు. అప్పటి నుంచి పేజీని రిఫ్రెష్ చేశాకే, తేదీ చదివాకే బొమ్మ చూస్తున్నాను.

రంగుల పక్కన ఉండే అంకెలు డీబీజడ్‌లు, చినుకులకి తగిలి రాడార్‌కి తిరిగొచ్చే సంకేతం ఎంత బలంగా ఉందో చెప్పే కొలత. 20 దగ్గర ఉంటే తుంపర, 40 దాటితే గట్టి వాన, 50 దాటితే వడగళ్ళూ ఉండొచ్చు, ఆట గురించి ఆలోచించకండి. ఒక్క బొమ్మ చూసి ఆపకండి. పది, ఇరవై నిమిషాల తేడాతో రెండు మూడు చూసి ఆ ముద్ద ఎటు జరుగుతోందో వేలితో గీసుకోండి. గంటలోపు సంగతి దీనంత బాగా ఏ మోడలూ చెప్పదు. అయితే రాడార్‌కి దూరంగా ఉంటే నమ్మకం తగ్గించుకోవాలి. భూమి గుండ్రన కాబట్టి 200 కిలోమీటర్ల దూరానికి రాడార్ కిరణం సుమారు 4 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళిపోతుంది. కింద కురిసేది దాని కంట పడకపోవచ్చు. ఆదిలాబాద్ మిత్రులు హైదరాబాద్ రాడార్‌లో ఖాళీ చూసి మురిసిపోవద్దు.

మాది విశాఖ. పాడేరు దగ్గర వంజంగి కొండకి రెండు సార్లు వెళ్ళాం. ఒకసారి పైకి ఎక్కాక చుట్టూ తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. రెండోసారి ఆకాశం, లోయ రెండూ ఖాళీ. రెండు సార్లూ యాప్‌లో ఫాగ్ అనే ఉంది. మేఘాల సముద్రం ఏ రోజు కనిపిస్తుందో ముందే తెలుసుకునే దారి ఉందా?

ఈ ప్రశ్న నాకు బాగా నచ్చింది. మీకు మంచు ఉండాలి, కానీ మీ కాళ్ళ కింద ఉండాలి. యాప్ లెక్కలో ఆ తేడా లేదు. 9 కిలోమీటర్ల గడిలో కొండా లోయా కలిసి ఒక సగటు ఎత్తుగా మారిపోతాయి. మీ కొండ మోడల్‌కి కొండే కాదు.

కాబట్టి బొమ్మ వదిలేసి ముక్కలుగా చూడండి. రాత్రంతా ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి దాదాపు ఆగిపోతే నేల బాగా చల్లబడుతుంది. చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అక్కడ తేమ ఉంటే మంచు కడుతుంది. తేమ ఉందో లేదో డ్యూ పాయింట్ చెబుతుంది, అంటే గాలి ఎంతకి చల్లబడితే అందులోని తేమ నీటి చుక్కలుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత. ఐఫోన్ వెదర్‌లో అయితే ఇది తేమ గడిలోనే ఉంటుంది. తెల్లవారుజాము ఉష్ణోగ్రతకి, దీనికి తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉంటే మంచి గుర్తు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజుల్లో మాత్రం వెళ్ళొద్దు. అప్పుడు మేఘం లోయలో కూర్చోదు, కొండని కూడా మింగేస్తుంది. మీ మొదటి ట్రిప్ అలాంటిదే అయ్యుంటుంది. నవంబర్ నుంచి జనవరి మధ్య, వానపడి రెండు రోజులై, ఆకాశం తేటపడిన రోజు చూసుకోండి.

ఇంకొక చిట్కా ఉంది, నాకైతే అన్నిటికన్నా ఇదే ఇష్టం. వాతావరణ శాఖ సైట్‌లో ఇన్సాట్ ఉపగ్రహం పగటి వెలుగులో తీసిన ‘విజిబుల్’ చిత్రాలు ఉంటాయి. ముందురోజు పొద్దున ఏడున్నరది, అంటే 02:00 యూటీసీది తెరవండి. పాడేరు వైపు లోయల్లో తెల్లటి చారలు పాకి ఉండి, వాతావరణం పెద్దగా మారే సూచన లేకపోతే మర్నాడూ ఉండే అవకాశం బాగా ఎక్కువ. గ్యారంటీ మాత్రం ఇవ్వలేను. స్వెట్టర్ కింద నుంచే వేసుకోండి, అలాంటి రాత్రుల్లో లోయలోనే పైకన్నా చలి ఎక్కువగా ఉండొచ్చు.

ట్రెకింగ్ కోసం కొన్న వాచీలో స్టార్మ్ అలారం ఉంది. ఎండ కాస్తున్నా చాలా మధ్యాహ్నాలు మోగుతోంది. సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలా?

వద్దు, బాగానే ఉంది. వాచీలోని బారోమీటర్ గాలి పీడనం తగ్గితే తుఫాను అనుకుంటుంది. కానీ ఉష్ణమండలంలో పీడనం రోజూ సముద్రంలా పోటు, ఆటు వేస్తుంది. పొద్దున పదింటికి ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి తక్కువ, తేడా 3 హెక్టోపాస్కల్స్ వరకూ ఉంటుంది. వాచీ దాన్నే చూసి గాభరా పడుతోంది. సెట్టింగ్స్‌లో అలారం మోగే హద్దు పెంచండి. మరో సంగతి, ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే పీడనం సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. కాబట్టి కొండ ఎక్కుతున్నప్పుడు కాదు, క్యాంపులో కదలకుండా ఉన్నప్పుడు మోగితేనే దాని మాట వినండి.

విజయవాడలో పరుగు తీస్తాను. 34 డిగ్రీలే ఉంటే ‘ఫీల్స్ లైక్ 42’ అంటోంది. ఏది నమ్మాలి?

రెండోది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, కృష్ణ ఒడ్డు తేమలో అది ఆరదు. పైగా ఆ 42 నీడలో లెక్క. నేరుగా ఎండలో ఇంకో ఎనిమిది డిగ్రీల వరకూ కలుపుకోవచ్చు. డ్యూ పాయింట్ 24 దాటిన రోజు మీ మామూలు టైమింగ్ కోసం ప్రయత్నించకండి.

పిడుగులకి ‘దామిని’ ఒక్కటి చాలా?

పూణెలోని వాతావరణ పరిశోధనా సంస్థ ఐఐటీఎం తయారుచేసిన ఆ యాప్ మీకు 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడే పిడుగుల్ని చూపిస్తుంది, తప్పక పెట్టుకోండి. లొకేషన్ అనుమతి ఇవ్వండి, బ్యాటరీ సెట్టింగ్స్‌లో దాన్ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. లేకపోతే బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ దాన్ని నిద్రపుచ్చుతుంది, మీకు అలర్ట్ రాదు. మైదానంలో సిగ్నల్ లేకపోతే సెకన్లు లెక్కపెట్టండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు వినిపిస్తే వికెట్లు అక్కడే వదిలేసి పక్కా భవనంలోకో, అద్దాలు ఎత్తిన కారులోకో వెళ్ళండి. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట దాకా బయటికి రావొద్దు, ఆఖరి ఓవర్ అయినా సరే.