రైటింగ్‌లో 5.5 దగ్గరే ఆగిపోతుంటే పరీక్ష మార్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి వరకు తెలుగు మీడియం. బీటెక్ సీఎస్‌ఈ పూర్తయింది. ఎంఎస్ కోసం విదేశీ యూనివర్సిటీలు అడిగే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రెండుసార్లు రాశాడు. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో 6.5, అంతకంటే ఎక్కువే వచ్చాయి. రైటింగ్‌లో మాత్రం రెండుసార్లూ 5.5. కోచింగ్ సెంటర్ వాళ్లు పీటీఈ అనే ఇంకో ఇంగ్లీష్ పరీక్ష సులువు, అటు మారిపోండి అంటున్నారు. ఏది మంచిది? చిన్నప్పుడే ఇంగ్లీష్ మీడియంలో వేయకపోవడం మా తప్పేనా? (ఒక తల్లి, నల్గొండ జిల్లా)

జవాబు: అమ్మా, మీరు అడిగింది పరీక్ష గురించే అయినా మీ భయమంతా చివరి ప్రశ్నలో ఉంది. ముందు దానికే జవాబు చెబుతాను. కాదు, మీ తప్పు కాదు. ఇంగ్లీష్ విని, చదివి 6.5 తెచ్చుకున్న పిల్లవాడికి ఇంగ్లీష్ రాదని ఎలా అంటాం? ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన పిల్లల తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. వాళ్ల పిల్లలకూ తగ్గేది రైటింగ్‌లోనే.

ఎందుకంటే మన చదువులో పేరా రాయమని అడిగేవాళ్లు లేరు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, అన్నీ బిట్లే. ఇంటర్ ఇంగ్లీష్ పేపర్‌లో పేరాగ్రాఫ్ ఆన్సర్లు ఉన్నా వాటిని గైడ్ చూసి బట్టీపడతారు. ఇక బీటెక్‌లో సైడ్ హెడింగులు, పాయింట్లు, కింద గీతలు. ఎక్కువ పాయింట్లు రాస్తే ఎక్కువ మార్కులని పిల్లలకు మనమే నేర్పాం. ఐఈఎల్‌టీఎస్ వ్యాసం దిద్దేవాళ్లకు కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం: పాయింట్లు తక్కువైనా ఫర్వాలేదు, రాసినదాన్ని చివరిదాకా విప్పి చెప్పాలి.

ఉదాహరణకు, నగరాల్లో బస్సు ప్రయాణం ఉచితం చేయాలా అని ప్రశ్న వచ్చిందనుకోండి. మన పిల్లలు ఎక్కువమంది రాసే పేరా దాదాపు ఇలా ఉంటుంది (తెలుగులో చెబుతున్నాను): "ఉచిత ప్రయాణం వల్ల చాలా లాభాలున్నాయి. మొదటిది, డబ్బు ఆదా అవుతుంది. రెండోది, కాలుష్యం తగ్గుతుంది. అంతేకాకుండా ట్రాఫిక్ తగ్గుతుంది. ఇంకా ప్రమాదాలు కూడా తగ్గుతాయి."

వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. కానీ ప్రతి వాక్యం దగ్గరా 'ఎలా? ఎవరికి?' అని అడగాలనిపిస్తుంది, జవాబు దొరకదు. ఇప్పుడు ఇది చూడండి: "బస్సు చార్జీ తీసేస్తే ముందుగా బాగుపడేది తక్కువ జీతానికి దూరం వెళ్లి పనిచేసే ఆడవాళ్లు. రోజూ రెండు బస్సులు మారాలంటే జీతంలో కొంత చార్జీలకే పోతుంది కాబట్టి, చాలామంది ఇంటి దగ్గర దొరికే చిన్న పనితోనే సరిపెట్టుకుంటారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఇలాంటి ఏర్పాటు ఉన్నచోట చార్జీలకు భయపడి మంచి పని వదులుకోవాల్సిన అవసరం ఉండదు."

మొదటి వాక్యం ఈ పేరా దేని గురించో చెప్పేసింది. రెండోది కారణం చెప్పింది, మూడోది కళ్లముందున్న సంగతి చూపించింది, నాలుగోది మళ్లీ మొదటి మాటకే వచ్చింది. కాలుష్యానికి ఇందులో చోటు లేదు. కావాలంటే దానికి వేరే పేరా రాయాలి, లేదంటే వదిలేయాలి. 250 పదాల వ్యాసానికి ఇలాంటి పేరాలు రెండు, ముందొక చిన్న పరిచయం, చివర ఒక ముగింపు చాలు. రైటింగ్‌లో నాలుగు అంశాలకు సమానంగా మార్కులుంటాయి. పదసంపద, వ్యాకరణం పోను మిగతా రెండూ ప్రశ్నకు జవాబిచ్చిన తీరు, ఆలోచనల క్రమం. పేరా కుదిరితే ఈ రెండూ కలిసొస్తాయి.

ఇక మీకు కోపం వచ్చినా చెప్పాల్సిన మాట. రెండుసార్లు పరీక్ష ఫీజు కట్టారు, కోచింగ్ ఫీజు కట్టారు. వాడు రాసిన వ్యాసం ఒక్కటైనా ఎవరైనా ఎర్ర పెన్నుతో దిద్దారా అని అడిగారా? అడగకుండా మూడో ఫీజుకు సిద్ధపడుతున్నారు. చాలాచోట్ల ఇచ్చేది టెంప్లేట్లే. 'ఇట్ ఈజ్ అన్‌డినయబుల్ దట్' అని మొదలుపెట్టి ఖాళీలు నింపడం. నాకు వాటిమీద ఏమాత్రం నమ్మకం లేదు. అలాంటి వాక్యాలను దిద్దేవాళ్లు ఇట్టే పసిగడతారు. వ్యాసం మొత్తం బట్టీపట్టి రాశారని రుజువైతే సున్నా వేయమని ఏ రాతకు ఎంత స్కోరో చెప్పే బ్యాండ్ వివరాల్లోనే ఉంది.

ఎంఎస్ అంటే కోడింగే కదా, రాతతో పనేముంది అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) కన్సల్టెన్సీ వాళ్లు రాసిస్తారు, వీసా వస్తుంది, విమానం ఎక్కేస్తాడు. ఆ తర్వాత? అక్కడ ప్రాజెక్ట్ రిపోర్టులు, రీసెర్చ్ పేపర్ల సమీక్షలు తనే రాయాలి. కాపీ కొడితే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది, కోర్సులో ఫెయిల్ కావచ్చు, యూనివర్సిటీ నుంచి తీసేయనూ వచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి పంపే ముందు, వాడికి సొంతంగా ఒక పేజీ రాయడం వచ్చా లేదా అన్నది పరీక్ష పేరు కంటే పెద్ద ప్రశ్న. అది రాకుండా తొందరపడి పంపడం నాకు ఇష్టం లేదు.

పీటీఈ సంగతి క్లుప్తంగా. అందులో వ్యాసం 200 నుంచి 300 పదాలు, సమయం 20 నిమిషాలు. ఐఈఎల్‌టీఎస్‌లో వ్యాసానికి 40 నిమిషాలు పెట్టుకోమంటారు. 40 నిమిషాల్లో కుదరని క్రమం 20లో ఎలా కుదురుతుంది? కాకపోతే అక్కడ విన్న వాక్యాన్ని టైప్ చేసే ప్రశ్నలాంటివి కూడా రైటింగ్ స్కోరులో కలుస్తాయి. కాబట్టి వినికిడి, టైపింగ్ బాగున్నవాళ్లకు కొంత లాభం ఉండొచ్చు. మీ అబ్బాయి అప్లై చేసే యూనివర్సిటీలు దాన్ని తీసుకుంటాయో లేదో ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో చూడమనండి.

నా సలహా ఐఈఎల్‌టీఎస్‌లోనే ఉండమని. రోజూ ఒక్క పేరా చాలు. ముందు తెలుగులో ఆలోచించి మొదటి వాక్యం రాసుకోమనండి, తెలుగు వాడికి అడ్డం కాదు. రాశాక మీకు వివరించమనండి. మీకు ఇంగ్లీష్ రాకపోయినా ఫర్వాలేదు, 'ఎలా? ఎవరికి?' అని అడగండి. ఈసారి కంప్యూటర్ మీద రాయించండి. అలా రాసినవాళ్లకు రైటింగ్ ఒక్కటే తగ్గితే, పరీక్ష రోజు నుంచి 60 రోజుల్లోపు ఆ ఒక్క భాగమే మళ్లీ రాసే వీలుంది. ఆ స్కోరును అన్ని యూనివర్సిటీలూ తీసుకోవు కాబట్టి, బుక్ చేసే ముందు అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి కనుక్కోమనండి.