షాపు డబ్బుతో కంపెనీ బిల్లు కడితే టాలీలో ఎలా రాయాలి?

ప్రశ్న: మా ఓనరు గారికి తణుకులో ఆయన పేరు మీదే ఐరన్ షాపు ఉంది. ఆయన, వాళ్ల తమ్ముడు డైరెక్టర్లుగా స్టీలు ఫర్నిచర్ తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కూడా ఉంది. రెండిటి లెక్కలూ టాలీ సాఫ్ట్‌వేర్‌లో నేనే రాస్తాను. కంపెనీ ఖాతాలో డబ్బు లేకపోతే కరెంటు బిల్లు షాపు ఖాతా నుంచి కడతారు, ఒక్కోసారి షాపుకి సరుకు వేసినవాళ్లకి కంపెనీ నుంచి పంపిస్తారు. ఎందులో పెట్టాలో తెలియక అన్నీ సస్పెన్స్‌లో పెట్టాను. ఆడిటర్ గారు వచ్చే టైం అయింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పడకండమ్మా, సస్పెన్స్‌లో పెట్టినవి ఇప్పటికీ విడదీయొచ్చు. ఓనరు ఒక్కరే అయినా పుస్తకాలు రెండు, కాబట్టి ప్రతి లావాదేవీ రెండు చోట్లా, అదే తేదీతో, అదే మొత్తంతో కనిపించాలి.

షాపు ఖాతా నుంచి కంపెనీ కరెంటు బిల్లు 38,400 రూపాయలు కట్టారనుకుందాం. షాపు టాలీలో ఎఫ్5 పేమెంట్ ఓచర్ తీసి కంపెనీ పేరున్న లెడ్జర్‌కి (అంటే టాలీలో ఆ పేరు మీద పెట్టిన ఖాతాకి) డెబిట్, బ్యాంకుకి క్రెడిట్. అది షాపు ఖర్చు కాదు, రావాల్సిన డబ్బు, అందుకని ఆ లెడ్జర్ లోన్స్ అండ్ అడ్వాన్సెస్ కింద ఉండాలి. కంపెనీ టాలీలో బ్యాంకు కదలలేదు కాబట్టి ఎఫ్7 జర్నల్: కరెంటు ఛార్జీలకి డెబిట్, షాపు ఆయన పేరు మీదే కాబట్టి ఓనరు గారి లెడ్జర్‌కి క్రెడిట్, ఇది లోన్స్ లయబిలిటీ కింద. బిల్లు నంబరు, యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే నంబరు) రెండు చోట్లా నేరేషన్‌లో, అంటే ఓచర్ కింద వివరం రాసే చోట, రాయండి, ఆర్నెల్ల తర్వాత మీకే పనికొస్తుంది. చాలామంది ఇలాంటివి కాంట్రాలో వేస్తారు, అది ఒకే సంస్థలోని బ్యాంకు, క్యాష్ ఖాతాల మధ్య మాత్రమే. బ్రాంచ్ డివిజన్స్ గ్రూపు కూడా వద్దు, మీ కంపెనీ షాపుకి బ్రాంచి కాదు.

షాపు నుంచి కంపెనీకి స్టీలు వెళ్తే మాత్రం అది అమ్మకమే. మన సరుకే కదా అని బిల్లు లేకుండా పంపకూడదు, సంబంధం ఉన్న సంస్థల మధ్య ఊరికే ఇచ్చినా జీఎస్టీ లెక్కలోకి వస్తుంది. కంపెనీకి పూర్తి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) దొరికే పక్షంలో బిల్లులో వేసిన ధరనే విలువగా ఒప్పుకుంటారు. దీనికి షాపు టాలీలో సండ్రీ డెటర్స్ కింద, కంపెనీ టాలీలో సండ్రీ క్రెడిటర్స్ కింద వేరే లెడ్జర్ పెట్టండి, అప్పు లెడ్జర్‌లో కలపొద్దు.

అసలు జాగ్రత్త కంపెనీ నుంచి షాపు తరఫున డబ్బు వెళ్లినప్పుడు కావాలి. ఆయన పేరు మీదున్న షాపు అంటే చట్టం దృష్టిలో ఆయనే. ఆ రోజుకి కంపెనీ ఆయనకి బాకీ ఉంటే ఇది బాకీ తీర్చడం, ఏ గొడవా లేదు. బాకీ లేకపోతే డైరెక్టరుకి కంపెనీ అప్పిచ్చినట్టే. కంపెనీల చట్టం 185వ సెక్షన్ దీన్ని నిషేధిస్తోంది, షరతులతో కొన్ని ప్రైవేట్ కంపెనీలకి మాత్రం మినహాయింపు ఉంది. పైగా ఆయనకి 10 శాతం లేదా అంతకు మించి ఓటింగ్ హక్కున్న వాటా ఉంటే, కంపెనీలో పోగైన లాభం మేరకు ఆ అప్పుని ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు డివిడెండ్‌గా లెక్కేసి ఆయన ఆదాయంలో కలపొచ్చు. తేదీలు సరిగ్గా ఉండాలని నేను ఇంత గట్టిగా చెప్పేది ఇందుకే, నెలాఖరున అన్నీ కలిపి ఒకే జర్నల్ వేస్తే ఏ రోజు ఎవరు ఎవరికి బాకీ అన్నది తెలియకుండా పోతుంది. క్యాష్‌గా 20,000 లేదా అంతకు మించి అప్పు తీసుకోవడం, తీర్చడం రెండూ కుదరవు, పెనాల్టీ ఆ మొత్తమంత పడొచ్చు.

ఈ ఏడాది సస్పెన్స్ ఓచర్లు తెరిచి, లెడ్జర్ మాత్రం మార్చండి, తేదీ కదపకండి. కంపెనీలకి 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ తప్పనిసరి, మీరు మార్చింది అందులో ఉండిపోతుంది, కారణం నేరేషన్‌లో ఉంటే చాలు. ఆడిట్ అయిపోయిన ఏడాదివి ముట్టుకోకుండా ఈ ఏడాదిలో జర్నల్ వేయండి. తర్వాత షాపు టాలీలోని కంపెనీ లెడ్జర్, కంపెనీ టాలీలోని ఓనరు గారి లెడ్జర్ రెండూ ఎక్సెల్‌లోకి తీసి పక్కపక్కన పెట్టి వరసగా టిక్ కొట్టండి. అక్కడ డెబిట్ ఎంతుందో ఇక్కడ క్రెడిట్ అంతే ఉండాలి. కంపెనీ ఎదురు అప్పిచ్చినట్టు తేలిన తేదీలని విడిగా కాగితం మీద రాసి, ఆడిటర్ గారు వచ్చేలోపే ఓనరు గారికి చూపించండి.