పాప రంగుకి బ్యాలే సరిపోదా?

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా బ్యాలే నేర్చుకుంటోంది. క్లాసులో అందరికీ గులాబీ టైట్స్, గులాబీ షూసే. మా పాప కాస్త రంగు తక్కువ. ఈమధ్య ప్రదర్శన ఫొటో చూసి ‘ఇవి నా కాళ్లలా లేవమ్మా’ అంది. అప్పటినుంచి క్లాసుకి వెళ్లనంటోంది. గోధుమ రంగు టైట్స్ వేయొచ్చా అంటే టీచర్ ‘లైన్ పాడవుతుంది’ అన్నారు. ఈ రంగుతో దీన్ని కెరీర్ చేసుకోగలదా? ఇప్పుడే మాన్పించేయమంటారా?

జవాబు: ఈ కారణానికైతే మాన్పించకండి.

నిజానికి టీచర్ చెప్పిన లైన్ గురించే మీ పాప కూడా మాట్లాడింది. తుంటి నుంచి కాలి వేళ్ల కొస దాకా ఎక్కడా తెగని ఒకే గీతలా ఒళ్లు కనిపించాలి, అదే లైన్. తెల్ల ఒంటికి గులాబీ దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ నప్పింది. చామనచాయ పిల్లకి అదే వేస్తే చేతులొక రంగు, కాళ్లొక రంగు. టీచర్ సూత్రం మంచిదే, దాని ప్రకారమే మీ పాపకి గోధుమ రంగు టైట్స్ రావాలి!

ఈ వాదన కొత్తదేం కాదు. ఆర్థర్ మిచెల్, కారెల్ షుక్ 1969లో న్యూయార్క్‌లో పెట్టిన, ప్రధానంగా నల్లజాతి డాన్సర్లుండే బ్యాలే బృందం డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్, 1970ల్లోనే గులాబీని పక్కనపెట్టి ఎవరి ఒంటి రంగు టైట్స్, షూస్ వాళ్లకి ఇచ్చింది. షూస్ కంపెనీలే ఆలస్యం చేశాయి. లండన్‌లోని ఫ్రీడ్, నల్లజాతి, ఆసియా డాన్సర్ల బృందమైన బ్యాలే బ్లాక్‌తో కలిసి గోధుమ, కంచు రంగు పాయింట్ షూస్ (కాలి వేళ్ల కొసల మీద నిలబడి ఆడేందుకు వేసుకునేవి) తెచ్చేసరికి 2018 వచ్చింది. రంగు దొరకనివాళ్లు మొహానికి రాసే ఫౌండేషన్‌నే స్పాంజ్‌తో షూస్ శాటిన్ గుడ్డ మీద, రిబ్బన్ల మీద, మడతల్లోకి కూడా అద్ది ఆరబెట్టుకునేవారు. దీన్ని పాన్‌కేకింగ్ అంటారు. పెద్ద ప్రదర్శనలో ఒక జత ఒక్క రాత్రికే మెత్తబడిపోవచ్చు, మర్నాడు మళ్లీ అదే చాకిరీ.

ఇక కెరీర్. వివక్ష లేదని చెప్పను. అమెరికన్ బ్యాలే థియేటర్‌లో ప్రిన్సిపల్, అంటే డాన్సర్లలో అన్నిటికన్నా పై స్థాయికి చేరిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ మిస్టీ కోప్‌లాండ్. అది 2015లో! ఆమె బ్యాలే మొదలుపెట్టిందే పదమూడో ఏట. కాబట్టి ఎనిమిదేళ్లకే లెక్కలు తేల్చనక్కర్లేదు. అసలు వడపోత టీనేజ్ ఆడిషన్లలో ఉంటుంది. పాదాల బలం, తుంటి తిరిగే తీరు, తాళజ్ఞానం, గాయాల్ని తట్టుకోవడం, వీటి దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. రంగు ఏదైనా పూర్తికాలం ఉద్యోగం దొరికేది కొద్దిమందికే. చదువు ఆపకండి.

ఆ ఫొటో పట్టుకుని, పాప లేనప్పుడు టీచర్ని కలవండి. గొడవకి దిగకండి, చేతులూ కాళ్లూ చూపించి లైన్ ఎక్కడ తెగిందో ఆవిడనే అడగండి. ముఖ్య పాత్రలు ఎలా ఎంపిక చేస్తారో కూడా కనుక్కోండి. అప్పటికీ గులాబీయే అంటే స్కూలు మార్చండి.

ఒక్క మాట, ఏమనుకోకండి. ‘రంగు తక్కువ’ అని మీరు నాకు రాశారు. అది ఇంట్లో పాప చెవిన కూడా పడుతుంటుంది, ఆ మాట మానేయండి.

టైట్స్ కొనేటప్పుడు పగటి వెలుతురులో ఆమె చేతికి ఆనించి చూడండి. సరైన రంగు దొరక్కపోతే చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. షూస్ కూడా అదే రంగులో ఉండాలి. టైట్స్ ఒక్కటే మారిస్తే గీత చీలమండ దగ్గర తెగుతుంది, మీ పాప అదీ కనిపెట్టేస్తుంది.