అమ్మ అడ్డపొగ మానేదెలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. అమ్మకు అరవై రెండేళ్లు. పెళ్లయినప్పటి నుంచి అడ్డపొగ తాగుతుంది, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. ఈమధ్య కారం తగిలితే అంగిలి మండుతోందంటోంది. మానెయ్యమంటే "మా అమ్మ తాగింది, మా అత్త తాగింది, ఇపుడు మానేత్తే లేనిపోని రోగాలొత్తాయి" అంటుంది. వీధిలో ఆడవాళ్లందరిదీ అదే మాట. ఏం చెయ్యాలి?

జవాబు: మాన్పించే సంగతి తర్వాత, ముందు ఈ వారంలోనే అమ్మను డెంటిస్టుకో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించండి. ఈలోగా మీరే టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లగా గరుకుగా ఉందా, ఎర్రచుక్కలున్నాయా, ముఖ్యంగా రెండు వారాలు దాటినా తగ్గని పుండో గడ్డో ఉందా? ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు, దానికి భయపడి వాయిదా వెయ్యకండి. మామూలుగా పొగ తాగేవాళ్లలో అంగిలి క్యాన్సర్ తక్కువ, అడ్డపొగలో వేడీ పొగా రెండూ నేరుగా అక్కడే తగులుతాయి కాబట్టి మన తీరప్రాంతంలో ఇంతగా కనిపిస్తోంది. ఈ సంగతి 1957లోనే వైద్య పత్రికలో వచ్చింది, అయినా మన ఇళ్లలో ఇంకా ఎవరూ గట్టిగా మాట్లాడుకోకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక "మానేస్తే రోగాలొస్తాయి" అన్న మాట. అమ్మ అబద్ధం చెప్పడం లేదు. మానిన మొదటి రెండు మూడు వారాలు చిరాకు, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం, కొందరికి దగ్గు నిజంగానే వస్తాయి, అది చూసి పక్కింటావిడ మళ్లీ చుట్ట అందుకుని ఉంటుంది. అది కొత్త జబ్బు కాదు, నికోటిన్ అలవాటు పోతున్నప్పుడు పడే ఇబ్బంది. ఆ మాట మానకముందే చెప్పాలి, వచ్చాక చెబితే నమ్మరు. ఈ వయసులో ఏం లాభం అనుకోవద్దు కూడా, మీ జిల్లాలోనే డాక్టర్లు ఇంటింటికీ తిరిగి వేలమంది నోళ్లు ఏళ్ల తరబడి పరీక్షించారు, మానినవాళ్లలో అంగిలి మచ్చలు తగ్గడం చూశారు.

తిట్టకండి, చుట్టలు దాచకండి, దాస్తే అప్పు తెచ్చుకుని చాటుగా తాగుతారు. ఏ వేళకి చుట్ట కావాలనిపిస్తుందో కనిపెట్టి, ఆ నాలుగైదు నిమిషాలు పక్కన కూర్చుని మాటల్లో పెట్టండి, కోరిక దానంతటదే తగ్గుతుంది. వీలైతే తోడికోడల్నో పక్కింటావిడనో కలిపి ఇద్దరితో ఒకే రోజు మాన్పించండి, వీధంతా తాగుతుంటే ఒక్కరే మానడం చాలా కష్టం. నోట్లో పుండుంటే నమిలే నికోటిన్ గమ్ వద్దు, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టరును అడగండి. పొగాకు మానడానికి సాయపడే ప్రభుత్వ నంబరు 1800-11-2356కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. నిప్పు బయటికి తిప్పి తాగితే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి, పొగాకు అదే కదా.

మధ్యలో ఒకటి తాగేస్తే గొడవ పడకుండా మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టించండి. నోటి పరీక్ష మాత్రం ఆమె మానినా మానకపోయినా డాక్టరు చెప్పిన గడువుకి తప్పకుండా చేయించండి.