ఎస్పెరాంతో తిండి పదాలన్నీ ఫ్రెంచ్ నుంచే వచ్చాయా?

ఎస్పెరాంతో అంటే అందరికీ ఉమ్మడిగా ఉండాలని కొత్తగా తయారుచేసిన భాష. అందులోని ఫ్రొమాజో (చీజ్), వియాందో (మాంసం) చూసి తిండి మాటలన్నీ ఫ్రెంచేనా అని ఒకరు అడిగారు. కాదు. ఆ రెండూ, తినడమనే మాంజీ ఫ్రెంచే. కానీ రొట్టె పానో, పాలు లాక్తో, గుడ్డు ఓవో లాటిన్ కుదుళ్ళు. తాగడమనే త్రింకీ జర్మన్. సాసేజ్‌ని కోల్బాసో అంటారు, ధాన్యం ఉడికించిన జావను కాచో అంటారు. ఇవి స్లావిక్ మాటలు. 1887లో ఈ భాషను ప్రకటించిన జామెన్‌హోఫ్ పుట్టిన, ఇప్పటి పోలండ్‌లోని బియాలిస్తోక్‌లో రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ రోజూ చెవిన పడేవి మరి.

మూలం వెతకాలంటే ముందు నామవాచకాలకి చివర వచ్చే ఓ తీసేయండి. మిగిలిన ధాతువును 1905 నాటి ఫుందమెంతోలో (ఈ భాషకి వ్యాకరణం, పదకోశం ఉన్న మూలగ్రంథం) చూడండి. అందులో ప్రతి ధాతువుకీ ఫ్రెంచ్, ఇంగ్లిష్, జర్మన్, రష్యన్, పోలిష్ అర్థాలుంటాయి. ఉదాహరణకి పోమ్ ఎదురుగా పోమ్, యాపిల్, ఆప్ఫెల్, యాబ్లొకొ, యాబ్కొ కనిపిస్తాయి. పోలింది ఫ్రెంచ్ ఒక్కటే, కాబట్టి జాడ అటువైపే. అయితే అవి అర్థాలే గానీ వ్యుత్పత్తులు కావు. పోలిక కనిపించినంత మాత్రాన ఖాయం చేసుకోకండి.

ఎక్కువమంది తప్పు చేసేది ప్రత్యయాల దగ్గర. ఏర్ అంటే పలుకు, రేణువు: సాలో ఉప్పు, సలేరో ఉప్పు రవ్వ, పనేరో రొట్టె పొడి. అదే లెక్కన సుకేరోని సూకో (రసం) బొట్టు అని విడగొడితే పొరపాటు. అక్కడ సుకేర్ మొత్తం ఒకే ధాతువు. పంచదార పలుకు కావాలంటే సుకెరేరో అనాలి. సంస్కృత శర్కర పర్షియన్, అరబిక్ మీదుగా యూరప్ చేరి ఇలా మారింది. మన చక్కెరా ఆ శర్కరే. బుతేరో (వెన్న) కూడా విడగొట్టకూడని మాటే.

కొన్నిటికి అరువు మూలం వెతకనక్కర్లేదు, లోపలే తయారయ్యాయి. గ్లత్సీయో మంచు, గ్లత్సియాఝో ఐస్‌క్రీమ్. షాఫో గొర్రె, షఫాఝో దాని మాంసం. 'దాంతో చేసిన వస్తువు' అనే అర్థమిచ్చే ఆఝ్ ప్రత్యయం ఒక్కటి నేర్చుకుంటే ప్రతి మాంసానికీ వేరే మాట బట్టీపట్టే పని తప్పుతుంది. నాకు ఈ భాషలో బాగా నచ్చేది ఇదే. బంగాళదుంప తెర్‌పోమో మాత్రం ఫ్రెంచ్ వారి 'నేల యాపిల్'కి అచ్చు అనువాదం.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త: మాంగో మామిడిపండు (దక్షిణాది మాంగా, పోర్చుగీసు మీదుగా), మాన్‌జో భోజనం. రోమన్ లిపిలో రెంటికీ (mango, manĝo) తేడా జీ మీది టోపీ గుర్తొక్కటే. కీబోర్డులో అది లేకపోతే జీ పక్కన ఎక్స్ కొట్టండి (gx).